వడియాల గిన్నె మీద ఎర్రపళ్లెం

1984 జనవరి 23, సోమవారం. ఆళ్లగడ్డ.

మూడో గంపలోకి ఈ రోజు ఒక్క విసురుకే వేశాను. స్కూలు వంటగది గోడ దగ్గర నిలబడి, అంచు కొంచెం వంచి, ఒకే ఊపు. పళ్లెం గాల్లో ఆగినట్టే ఆగి, నింపాదిగా దిగి, గుంజకు కట్టిన గంపలో కూర్చుంది. తొమ్మిదో తరగతి పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనేమీ ఎరగనట్టు విజిల్ ఊదాను. లోపల మాత్రం పొంగిపోయాను. డ్రిల్ టీచరు పొంగకూడదని ఎక్కడా లేదు కదా...

జనవరి 25

మా మిషన్ దొరసాని ఊరు విడిచి ఏడాది దాటింది. వెళ్తూ నా చేతిలో పెట్టిన మూడు ప్లాస్టిక్ పళ్లాలు — ఎరుపు, పసుపు, తెలుపు — ఇప్పటికీ గీత పడకుండా ఉన్నాయి. ‘ఇవి ఎదురెదురుగా నిలబడి విసురుకొని పట్టుకునేవి. గంపల ఆటకు బరువువి వేరే వస్తాయి. ఇప్పటికి వీటితో మొదలుపెట్టు’ అంది, వచ్చీరాని తెలుగులో. మొదలుపెట్టాను. గుంజలు పాతించాను, గంపలు కట్టించాను. తక్కువ విసుర్లలో అన్ని గంపలూ ముగించినవాళ్లది గెలుపు. దొరలు కర్రతో, బంతితో ఆడే గోల్ఫు ఇదేనట. మాకు కర్రా లేదు, బంతీ లేదు. నిక్షేపంగా సాగుతోంది.

జనవరి 30

హెడ్మిస్ట్రెస్ రత్నమ్మగారు పిలిచారు. వచ్చే ఏడు నుంచి తొమ్మిది, పది తరగతులకు డ్రిల్ పీరియడ్ ఉండదట. ఆ పీరియడ్‌లో కుట్టుపని.

‘కుట్టు నేర్చుకుంటే కూడు పెడతాది. పళ్లాలు ఇసిరితే ఏమొస్తాది సువార్తా?’

కుట్టుమిషను మీద నాకేం కోపం లేదు. మా అమ్మ జాకెట్లు కుట్టే నన్ను చదివించింది. కానీ ఈ పిల్లలు పొద్దున లేస్తే నీళ్లు, పేడకళ్లు, వంట. ఇక్కడికొస్తే బల్లమీద వంగి రాత. నడుం నిటారుగా పెట్టి ఆకాశంకేసి చూసేది ఆ ఒక్క పీరియడ్‌లోనే. అది తీసేస్తానంటే నాకు ఒళ్లు మండింది.

ఏదో అన్నాను. ఆమె ఏదో అంది. చివరికి — ‘మార్చి మూడున నంద్యాలలో మన మిషన్ స్కూళ్ల ఆటలుండాయి గదా. ఈసారి ఈ పళ్లాల ఆట కూడా పెడతాండారంట. ఆడ నలుగురి ముందర ఆడి చూపియ్యి, అప్పుడు చూస్తా.’

‘గెలిచే చూపిస్తా మేడం’ అనేశాను.

నోరా, వీపుకు దెబ్బలు తేకే.

ఫిబ్రవరి 2

మా ఆయన కండక్టరు. బస్సు రోజంతా నంద్యాలకీ ఆళ్లగడ్డకీ మధ్యే తిరుగుతుంది కాబట్టి ఆ ఊరి కబుర్లు ఈ ఊరికి టికెట్టు లేకుండా వస్తాయి. ఈ రోజు దిగిన కబురు: నంద్యాల మగపిల్లల స్కూలు డ్రిల్ మాస్టరు ఓబులేసు సారుకు కొత్త దొర బరువు పళ్లాలు తెచ్చిచ్చాడు. ఆటకనే చేసినవట. నా సంగతి విని నవ్వాడట.

‘మీ ఆడమనిషివి ఆడుకునే పళ్లాలప్పా. గాలొస్తే అహోబిలం పోతాయి, పోయి దండం పెట్టుకొని రావాల్సిందే.’

ఈయన కూడా నవ్వాడట. అది దాచకుండా చెప్పినందుకు మెచ్చుకోవాలో, అన్నం పెట్టకూడదో.

పెట్టాను.

ఫిబ్రవరి 11, శనివారం

నంద్యాల వెళ్లి నా కళ్లతో చూసొచ్చాను. ఓబులేసు సారు మర్యాదస్తుడే, టీ ఇప్పించాడు. పళ్లెం చేతిలో పెట్టాడు. నావాటి కన్నా కొంచెం చిన్నది, బాగా బరువు, అంచు పలచగా కత్తిలా. ఒక పిల్లవాడు విసిరాడు. ఎప్పటి అలవాటు కొద్దీ ఎదురెళ్లి పట్టుకున్నాను. అరచెయ్యి భగ్గుమంది.

‘అది పట్టుకునేది కాదమ్మా’ అన్నాడు ఓబులేసు సారు, జాలిగా.

నేనూ ఒకటి విసిరాను. ఎంత దూరం పోయిందో. నిజం నిజమే. నా పళ్లాలు అందులో సగం దూరం పోవు. కానీ నావి ఎక్కడ దిగమంటే అక్కడ దిగుతాయి. అది పోతూనే ఉంది, గోడ వచ్చేదాకా.

తిరుగు బస్సులో శిరివెళ్ల దాకా చెయ్యి కొంగులో దాచుకునే కూర్చున్నా.

ఫిబ్రవరి 15

నా జతకు దీనమ్మను పెట్టుకున్నా. ఒక్కో వైపు ఒక టీచరు, ఒక పిల్ల, వంతులవారీ విసుర్లు — నంద్యాలవాళ్ల లెక్క అది. దీనమ్మది శిరివెళ్ల, తొమ్మిదో తరగతి. ముదురు గింజ. మణికట్టు ఆడించడం దాన్ని చూసి నేర్చుకోవాలి.

మా గ్రౌండులో ఒక పద్ధతి ఉంది, ఏ దొరసానీ చెప్పింది కాదు. కంచె అవతల మిరప తోట. అందులో పళ్లెం పడితే తోటాయన శాపనార్థాలతో సహా తిరిగిస్తాడు. అందుకని ఒకరు విసిరితే ఇంకొకరు గంప వెనక నిలబడతారు. గంప తప్పిందో, పట్టేస్తారు. పట్టలేదంటే, రెండు చేతులూ ఖాళీగా పైకెత్తి చూపిస్తారు. అంటే గంపలో పడింది. విసిరినవాళ్లకు దూరం నుంచి తెలియాలి కదా. తేలిక పళ్లాలు కాబట్టే ఇదంతా. ఏడాదిలో ఒక్క పిల్లకు గోరు కూడా విరగలేదు.

అత్త సాయంత్రం గ్రౌండు వైపు వచ్చి కాసేపు నిలబడి చూసింది.

‘గంపలు నెత్తిన మోసినాం, సంకన మోసినాం. గంపలోకి పళ్లెం ఇసిరేది ఈడనే చూస్తాండా’ అని వెళ్లిపోయింది.

ఫిబ్రవరి 20

గాలి లేని పొద్దుట — అన్నీ పడుతున్నాయి. గాలి లేచిన మధ్యాహ్నం — ఒక్కటీ మాట వినదు. పోటీ పొద్దున పదింటికే అన్నారు. బతికాం.

ఫిబ్రవరి 26, ఆదివారం

ఏం రాయను.

నేను చర్చికి వెళ్లాను. అత్త మోకాళ్ల నొప్పని ఇంట్లో ఉండి వడియాలు మొదలుపెట్టింది. ఉడికిన పిండి పెద్ద గిన్నెలో మిద్దె మీదికి చేర్చింది. కాకులు మూతి పెడుతున్నాయని మూత వెతికింది. దొరకలేదు. కొక్కేనికున్న నా సంచిలో ఎర్రపళ్లెం దొరికింది. గిన్నె మీద బోర్లించి, పైన సన్నికల్లు పొత్రం పెట్టింది. కింద పిండి ఆవిరి, పైన ఎండ, నడుమ నా పళ్లెం.

నేను వచ్చేసరికి పొంగుగా ఉండే దాని వీపు పెనంలా అణిగిపోయింది. ఒక వైపు అంచు కూడా వాలింది. మూడింట్లో మంచిది అదే. నాది అదే.

‘ఏందీ, మూతే గదా. సరిగ్గా సరిపోయినాది. ఒక్క కాకి గూడా రాల్యా.’

మిద్దె దిగి వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ఈయన వచ్చి వేడినీళ్లలో ముంచాడు, చాప కింద పెట్టి పైన కూర్చున్నాడు, అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. చివరికి ‘ఎట్లుండేది అట్లనే ఉంది’ అన్నాడు. ఆ మాటకు ఇంకోసారి ఏడ్చాను.

ఫిబ్రవరి 27

అత్తకూ నాకూ మాటల్లేవు. వడియాలు మాత్రం బాగా వచ్చాయి. అదొక మంట.

ఫిబ్రవరి 28

పసుపు, తెలుపులతోనే సాధన. ఆఖర్న దీనమ్మ ఊరుకోక ఎర్రది తీసి విసిరింది. నేరుగా పోయింది, పోయింది, ఉన్నట్టుండి ఎడమకు తిరిగింది. మళ్లీ విసిరింది. మళ్లీ ఎడమకే. అది నవ్వు ఆపుకోలేక కూలబడింది.

‘టీచరమ్మా, ఇది ఎట్ల ఇసిరినా ఎడమకే పోతాంది. మా నాయన ఎద్దు మాదిరి.’

నేను కూడా విసిరాను. ఎడమకే. మధ్యాహ్నం గాలి, మట్టి రేగుతోంది. పసుపుది ఆ గాలికి పైకి లేచి దారి తప్పింది. ఎర్రది లేవలేదు. తన ఎడమ తాను చూసుకుని దిగింది.

దీనమ్మ సంచి సర్దుతూ — ‘వచ్చే ఏడు మాకు ఈ ఆట ఉంటాదా?’

ఎర్రది దాని చేతికిచ్చి, ఇంకోసారి విసరమన్నాను.

ఫిబ్రవరి 29

సాయంత్రమంతా ఎర్రదానితోనే. ఎక్కడ తిరుగుతుందో పట్టుకున్నా. తప్పినా ఎప్పుడూ ఒకే తీరున తప్పేదాన్ని నమ్మొచ్చు, మనుషులైనా అంతే.

మార్చి 4, ఆదివారం

నిన్నటిది నిన్న రాయలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నా, నిదానంగా, ఒక్కటీ వదలకుండా.

పదింటికని చెప్పారు. పెద్ద పాస్టరుగారు ప్రార్థన అందుకున్నారు. నంద్యాల కోసం, కర్నూలు కోసం, ఢిల్లీ కోసం, ఆపైన దేశదేశాల కోసం. ఒక్కో దేశం గడిచేకొద్దీ షామియానా గుడ్డ కొంచెం కొంచెం కొట్టుకుంటోంది. నేను కళ్లు మూసుకుని ఒకటే ప్రార్థన — ప్రభువా, ఈ పాస్టరుగారిని ఆపు, లేకపోతే ఆ గాలినన్నా ఆపు. రెండూ ఆగలేదు. గ్రౌండులోకి వచ్చేసరికి నడినెత్తిన ఎండ, ఎదురుగాలి.

ఐదు గంపలు. మొదటిదాని దగ్గరే నా పసుపుది షామియానా మీద ఎక్కి కూర్చుంది, కర్రతో దించాల్సి వచ్చింది. మగపిల్లలు ఈలలు. రత్నమ్మగారు ముందు వరసలో, ముఖంలో ఏమీ లేదు. ఓబులేసు సారు పళ్లెం గాలిని కోసుకుంటూ పోయింది. రెండో గంప అయ్యేసరికి మేము రెండు విసుర్లు వెనక.

పయిట బిగించి నడుంలో దోపాను. దీనమ్మ చెవిలో — ‘బలం వద్దు. కింద నుంచే పోనీ, మోకాలెత్తున.’

మూడో గంప దగ్గర వాళ్లకు ఎదురుదెబ్బ. బరువుది వచ్చిన వేగానికి గంప వెనక తట్టుకు కొట్టుకుని ఎగిరి బయటపడింది. మళ్లీ వేశారు, మళ్లీ ఎగిరింది. మాది చిన్నగా వచ్చి గంపలో ఒదిగింది. అల్లిన గంప కదా, మెల్లగా వచ్చేదాన్నే ఉంచుకుంటుంది. నాలుగోదానికి సమానమయ్యాం. ఈలలు తగ్గాయి.

ఐదోది నీళ్ల ట్యాంకు వెనక. నిలబడిన చోటి నుంచి గంప కనపడదు. ట్యాంకు దాటాక ఎడమకు తిరగాలి. ఓబులేసు సారు నేరుగా బలంగా వేశాడు, పళ్లెం ప్రహరీ దాకా పోయింది. అక్కడ నుంచి వాళ్ల పిల్లవాడు వెనక్కి వేశాడు, గంపలోనే పడింది. రెండు విసుర్లు.

నా వంతు. సంచిలోంచి ఎర్రది తీశాను. వంకర చూసి ఎవరో నవ్వారు. ‘అది ఇరిగినాది గదమ్మా’ అన్నాడు ఓబులేసు సారు, నిజంగానే మంచిగా.

‘లేదన్నా, మా అత్త చేసింది’ అన్నాను.

దీనమ్మ అప్పటికే ట్యాంకు వెనక్కి పరిగెత్తింది, మా గ్రౌండు పద్ధతిలో. విసిరాను. ట్యాంకు కుడి పక్కగా పోయింది. గాలి కొట్టింది. లేవలేదు. నేరుగా, నేరుగా... ఇక తిరగదేమో అనుకున్న చోట తిరిగింది. ట్యాంకు వెనక్కి పోయి కనపడకుండా పోయింది.

అందరూ ట్యాంకు వైపే తిరిగారు.

ట్యాంకు పక్క నుంచి దీనమ్మ నడుచుకుంటూ వచ్చింది. పరిగెత్తలేదు, అరవలేదు. రెండు చేతులూ పైకెత్తి. ఖాళీగా.

నంద్యాలవాళ్లకు అర్థం కాలేదు, పోయిందనుకున్నారు. ఆ గ్రౌండులో అర్థమైంది నా ఒక్కదానికే. ఆ ఒక్క క్షణం గెలుపు మా ఇద్దరిదే. నా బతుకులో అంతగా ఎప్పుడూ గర్వపడలేదు, పెళ్లినాడు కూడా.

ఓబులేసు సారు తానే వెళ్లి గంపలో చూసి, ఎర్రది తెచ్చి నా చేతికిచ్చాడు. అటూ ఇటూ తిప్పి చూసి — ‘ఇట్లాటిది ఇంకోటి చేయిచ్చు టీచరమ్మా.’

బస్సులో ఈయన అందరూ వినేలా ‘గెలిచినోళ్లు ముందర కూర్చోండప్పా, జరగండి’. సిగ్గూ, సంతోషమూ. రత్నమ్మగారు నా పక్క సీటు. శిరివెళ్లలో దీనమ్మ దిగి, రోడ్డు పక్కన నిలబడి, బస్సు కదిలేటప్పుడు మళ్లీ రెండు చేతులూ ఖాళీగా ఎత్తి చూపించింది. రత్నమ్మగారు చూశారు.

‘ఏందది, అట్ల చేతులెత్తుతాంది?’

చెప్పాను. ఆమె కిటికీలోంచి వెనక్కి తిరిగి చూశారు.

‘సోమవారం మాట్లాడదాం సువార్తా. ముందు ఆ పయిట సరిగ్గా కట్టుకో.’

మార్చి 5, సోమవారం

రత్నమ్మగారు రాలేదు. ఏదో మీటింగని కర్నూలు పోయారట, రేపో ఎల్లుండో వస్తారు. టైంటేబుల్ బోర్డు మీద వచ్చే ఏడుది ఇంకా ఎక్కలేదు. కుట్టుమిషన్లు మాత్రం వరండాలో దింపారు, గోనెపట్టాలు కూడా విప్పలేదు. పిల్లలు వాటి చుట్టూ తిరిగి, నావైపు ఒకసారి చూసి పోతున్నారు.

ఇంటికొచ్చాను. కొక్కేనికున్న సంచి తేలిగ్గా ఉంది. చూస్తే పసుపుది లేదు. మిద్దె ఎక్కాను.

అత్త చీర చెరగు నెత్తిన వేసుకుని ఎండలో కూర్చుంది. ముందర పెద్ద గిన్నె. వడియాలు ఎప్పుడో అయిపోయాయి, గిన్నెలో ఉత్త వేడినీళ్లు, ఆవిరి పైకొస్తోంది. గిన్నె మీద పసుపుపళ్లెం. దాని మీద పొత్రం.

నంద్యాల సంగతంతా ఈయన చెప్పే ఉంటాడు. వారం తర్వాత నాతో మొదటి మాట —

‘ఏమ్మే, రాయి నడుమ పెట్టేదా, పక్కకు జరిపేదా?’