కుర్చీలు చూసి తేల్చుకున్నాను

నాన్నా, ఇక్కడ నేనూ పిన్నీ కులాసా.

మూడు యూనివర్సిటీల్లోనూ సీటొచ్చింది! ఏదో ఒకటి సోమవారంలోగా తేల్చమన్నారు. వడ్రంగి కూతుర్ని కదా, మూడు లైబ్రరీలకీ వెళ్లి కుర్చీలు చూశాను. రెండుచోట్ల పాలిష్ చెక్కుచెదరలేదు, కూర్చునే నాథుడే లేడు. మూడోచోట కుర్చీల చేతులు అరిగి నున్నబడ్డాయి, నాకు ఖాళీ దొరకడానికి అరగంట పట్టింది! బల్ల మాత్రం ఒకటే ఊగుడు. మొదటి యూనివర్సిటీ వాళ్లు సీటిచ్చామని రాసిన ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి దాని కాలికింద దోపాను. మళ్లీ కదిలితే ఒట్టు! అక్కడే చేరుతున్నాను.

అమ్మ మోకాలి వాపు తగ్గిందా? తమ్ముణ్ణి నా పుస్తకాల జోలికి పోవద్దను. నానమ్మకి దండాలు.

నీ చిన్న ఉలి వెంటనే పంపు. అక్కడ ఊగే బల్లలు ఇంకా బోలెడున్నాయి, చేరేటప్పుడు చూపాల్సింది పోగా నా దగ్గర మిగిలింది ఒక్క ఉత్తరమే.

నీ చిన్నమేస్త్రి