ఒడ్డున కూర్చోబెట్టిన మాస్టరు

శుక్రవారం, రాత్రి

తలుచుకుంటేనే ఒళ్లు కంపరమెత్తుతోంది. నేవీ క్యాడెట్ల శిక్షణకని డ్యామ్ దగ్గరికి వెళ్లిన నా కూతురు పావని ఏడుపు ముఖంతో తిరిగొచ్చింది. పడవ నేర్పే మాస్టరు మగపిల్లలందరి ముందూ, "పడవంటే గంగమ్మ తల్లి. ముట్టయిన ఆడపిల్లలు చేతులెత్తండి, మీరు ఎక్కగూడదు" అన్నాడట. పిచ్చిది, నిజం చెప్పి చెయ్యెత్తింది. రోజంతా ఒడ్డునే కూర్చోబెట్టాడు. "ఏం పావనీ, నీకు ఈడే సముద్రమా?" అని ఒకడు వెక్కిరిస్తే ఆ పెద్దమనిషీ నవ్వాడట.

రేపు తెడ్డు వేసి చూపితేనే విశాఖ క్యాంపుకు ఎంపిక. రేపూ ఎక్కనివ్వడట.

ఏటా జాతరలో గంగమ్మకు పొంగలి పెట్టే మనిషిని నేను. ఆడపిల్లల ముట్టు సంగతి నలుగురిలో ఆరా తీయమని ఆ తల్లి ఎవరికి చెప్పింది? ఆ నోటితో ఆమె పేరెత్తాడే, ఛీ.

"రేపు నేనూ వస్తా. నువ్వు పడవెక్కు, ఎవరడ్డమొస్తారో సూస్తా" అన్నాను.

పావని కళ్లు తుడుచుకుని నా వైపు చూసింది. "అయితే అమా, పొద్దున దేవుడికాడ దీపం గూడా నేనే పెట్టేదా?"

ముట్టు రోజుల్లో దాన్ని దేవుడి గదిలోకి రానివ్వనిది నేనే. "పొద్దుపోయింది, పండుకో పో" అన్నాను. తెల్లారితే శనివారం, మళ్లీ అడుగుతుంది.