పడుకుంటే గోదావరి కనిపించే కిటికీ

సుజాతా,

ఈ సాయంత్రం నాలుగున్నరకు నీ కిటికీ రెండడుగులు కిందికి దిగింది.

దుమ్ముగూడెంలో మన స్థలంలో తెల్లటి గోడలు లేచాయి. ఇటుకలు కావు, బోలు థర్మోకోల్ దిమ్మెలు. వాటి బోలులో ఇనుప చువ్వలు కట్టి కాంక్రీటు పోస్తారు. ఎండ వేడి లోపలికి రాదంటున్నారు. నీ చివరి వేసవి కిరాయి రేకుల ఇంట్లో గడిచింది కాబట్టి వీటిని ఎంచుకున్నాను.

ఇద్దరు మేస్త్రీలను ఒకే ప్రశ్న అడిగాను: నీ పని ఎక్కడ చెడింది? మొదటివాడు ఎక్కడా చెడలేదన్నాడు. రెండోవాడు యాకయ్య నన్ను ములకలపల్లి తీసుకెళ్లి ఉబ్బిన గోడ చూపించాడు.

"జల్దీ జల్దీ పోసినం సార్, దిమ్మె పగిలింది. గప్పటిసంది మెల్లగ పోస్తున్న."

పని అతనికే ఇచ్చాను.

ఇవాళ అతను నది వైపు గోడ దగ్గర ఆగాడు. "ప్లాన్ల కిటికీ నేలకు మూడడుగుల మీద గీసిండ్రు. కాంక్రీటు పోసినంక కదలదు. నిలబడి చూస్తరా, కూసొనా?"

మంచం మీంచి గోదావరి కనిపించాలని నువ్వు అడిగావు. ప్లాన్ గీయించేటప్పుడు నేను మరిచిపోయాను.

"పడుకుని," అన్నాను.

"పండుకొనా? గదేంది సార్, గింత బద్ధకమా!" నవ్వబోయి, నా మొహం చూసి ఆగాడు. "అమ్మగారి కోసమా?"

అవునన్నాను.

చువ్వలు సర్ది, రంపంతో దిమ్మె కోశాడు. తెల్లని పొడి గాలిలో చాలాసేపు తేలింది. పనివాళ్ల మడత మంచం తెచ్చి వేశాడు. పడుకున్నాను. నీళ్లు, అవతలి ఒడ్డు, దాని వెనక అడవి, అన్నీ నా కళ్ల ఎత్తులోనే ఉన్నాయి.

రేపు పొద్దున ఆరింటికి కాంక్రీటు పోస్తారు. మెల్లగా.