చోమార్ సంకటి దొంగ

ఏమండీ,

మన కాపలా కుక్క చోమార్ తోక ఈడ్చుకుంటూ వాగు దాకా వచ్చి కూలబడ్డాడు. గాడిద మీద వేసి ఇంటికి చేర్చాను. మంద ఆగదు కాబట్టి నేను కొండ మీదికి పోతున్నాను. నిన్ననే సెవ్‌కెత్ వాళ్ల గొర్రెలు రెండింటిని తోడేళ్లు లాక్కుపోయాయి. వారం లోపల వాడు నా దగ్గర ఉండాలి, లేకపోతే మన మంద ఉండదు.

పొద్దున, సాయంత్రం బార్లీ సంకటి పెట్టండి. ఎముకల పులుసు, గరిటెడు గొర్రెతోక కొవ్వు కలపండి. వేడి చల్లారాకే పెట్టండి. ఉడికిన ఎముకలు మాత్రం వేయకండి, గొంతులో గుచ్చుకుంటాయి. తినేదాకా పక్కనే కూర్చోండి. కూర్చోమన్నది ఊరికే కాదు.

నెల రోజులుగా నేనూ అంతే పెట్టాను. తొట్టి ఖాళీ అవుతోంది, కుక్క చిక్కిపోతోంది. "నీ చేతివంట మహిమ!" అని మీరు ఎగతాళి చేశారు. అత్తయ్య దిష్టి అని నీలిపూస కట్టారు. నేను నక్క పనే అనుకున్నాను. ఇవాళ తొట్టి పక్కన చెక్క చెంచా దొరికింది. నక్కకి చెంచా ఎందుకండీ?

గడ్డివాము చాటున కాపు కాశాను. చోమార్ మన ఇంటి మర్యాద నేర్చాడు. పెద్దలు తిని లేచేదాకా ముట్టకుండా, బుద్ధిగా కూర్చుని చూస్తున్నాడు.

– దోండు

మరిచాను. డాక్టరు కొవ్వు మానిపించినప్పటి నుంచీ ఆయన భోజనం ఆ తొట్టిలోనేనట. పైగా "ఉప్పు తగ్గిందిరా చోమార్" అంటున్నారు. కోడళ్ల కట్టుబాటు ప్రకారం పదకొండేళ్లు ఆయన ముందు నోరు విప్పలేదు. ఇవాళ మొదటి మాట ఊరంతా వినేలా అన్నాను: "హైదర్ మామయ్యా, చెంచా దించండి!"