ఇనప్పెట్టె నంబరు ఎవరికి

మోంటానా రాష్ట్రంలో మిల్క్ నది ఒడ్డున గోధుమలు పండించుకునే ఆర్డిస్ నెల్స్‌విగ్ అనే నేను, కాళ్లు మాట వినకపోయినా బుద్ధి నిలకడగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా రాయించిన వీలునామా ఇది. పాతవేవీ చెల్లవు. అమలు జరపవలసింది మా చెల్లెలి కూతురు జొలీన్.

1. ఇల్లు, పొలం, పశువులలో నా వాటా నా భర్త ఓర్విల్‌కి సర్వహక్కులతో చెందుతుంది.

2. అంచు విరిగిన పింగాణీ పళ్లెం మా ఆడపడుచు బెర్నీస్‌కి. విరగ్గొట్టింది ఆవిడే, నెపం మా పిల్లి మీద పెట్టింది.

3. వసారాలోని తుపాకుల ఇనప్పెట్టె నా సొంత డబ్బుతో కొన్నది. లోపలి తుపాకులు ఓర్విల్‌వి.

మా అబ్బాయి డేల్ నది మీద మంచు విరిగి మునిగిపోయిన చలికాలం, మా ఆయన ఒళ్లో తుపాకీ పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చునేవాడు. తుడుస్తున్నాననేవాడు. చేతిలో గుడ్డ ఉండేది కాదు. నాకు భయం వేసి పట్నం వెళ్లాను. కొట్టువాడు మీటలు నొక్కే తాళం చూపించి, "క్షణంలో తెరుచుకుంటుందమ్మా" అన్నాడు. "క్షణంలో తెరుచుకోకూడదు నాయనా" అన్నాను. నంబరు ప్రకారం నిదానంగా చక్రం తిప్పే తాళం ఉన్నది, నేలకి బోల్టులతో బిగించేది, అన్నిటికన్నా బరువైనది ఎంచుకున్నాను.

తెచ్చిన రోజు దారంతా బురద. గేటు దగ్గర లారీ దిగబడింది. కాలువ నీళ్ల తగువుతో మాటలు మానేసిన మా మరిది లైల్, ఎవరూ పిలవకుండానే ట్రాక్టరు తెచ్చి లాగాడు. వసారా పలకలు ఆ బరువు ఆపవని కిందకి పాకి దుంగలు నిలబెట్టాడు. అన్నదమ్ములు చెరోవైపు పట్టారు. "నీ వైపు దించరా" అన్నాడు ఓర్విల్. "దించాను, నీ వేళ్లు జాగ్రత్త అన్నయ్యా" అన్నాడు లైల్. అంతే, మళ్లీ మాటల్లేవు.

"ఇంత ఇనుమెందుకే, బ్యాంకు పెడతావా?" అన్నాడు ఓర్విల్. నంబరు మాత్రం ఏనాడూ అడగలేదు. ఏటా ఆకులు రాలి జింకల వేట మొదలయ్యే వేళ వంటింటి గుమ్మంలో నిలబడి, "పెట్టె తలుపు తీస్తావా ఆర్డిస్" అంటాడు. నేను ముందు మొహం చూస్తాను, తర్వాత చక్రం తిప్పుతాను.

ఈమధ్య మందుల మగతలో ఆ పెట్టె కలలోకి వస్తోంది. గోధుమ చేలో తలుపు బార్లా తీసి ఉంటుంది. లోపల తుపాకులుండవు, డేల్ తడి బూట్లు ఆరుతుంటాయి. మంచు కురుస్తుంది గాని చలి వెయ్యదు. తలుపు వేద్దామంటే నా చేతులు అందవు.

4. కాబట్టి పెట్టె ఉన్నచోటే ఉండాలి, నంబరు లైల్‌కి. కాగితం మీద పెట్టలేదు. మంచం పక్కన కూర్చోబెట్టి చెప్పి, తిరిగి చెప్పించుకున్నాను. టోపీ నలుపుతూ, "అన్నయ్య నా గుమ్మం ఎక్కుతాడా వదినా" అన్నాడు. ఎక్కుతాడు, జింకల వేట మానలేడు. షరతు ఒకటే: ముందు కాఫీ పోసి మొహం చూడాలి. బాగాలేకపోతే చక్రం బిగుసుకుపోయిందని చెప్పి ఆపెయ్యాలి. అబద్ధమని ఇద్దరికీ తెలిసినా ఫరవాలేదు.

5. పెట్టె పై అరలో డేల్ ఉన్ని చేతితొడుగులున్నాయి. అక్కడే ఉంచాలి. తలుపు తీసినప్పుడల్లా చెయ్యి మొదట వాటికే తగలాలి.

ఓర్విల్, నేను పోయాక వంటింటి గుమ్మంలో నిలబడకు. కాలువ దాటి లైల్ ఇంటికి వెళ్లు. తగువు నాడు గేటుకి వేసిన గొలుసు తీసేశాడట, జొలీన్ చూసి వచ్చి చెప్పింది.

అక్టోబరు 11, 2009
(సంతకం) ఆర్డిస్ నెల్స్‌విగ్

సాక్షులు:
రాయ్ టిబెట్స్, ఆ రోజు లారీ నడిపినవాడు
ఇలీన్ పొకోర్ని, నర్సు