ఎడమ చక్రం కింద రెండు నిమ్మకాయలు

బావా,

బాగున్నావా అని అడగడానికి లేదు. నువ్వు పోయి ఎనిమిది నెలలు దాటింది. ఇక్కడ వారం రోజులుగా ముసురు వదల్లేదు. ఈ రోజు యార్డులో డ్యూటీ దిగి మీ ఇంటికి వచ్చాను. జీపు నిలబెట్టే చోట నూనె మరకల మీద బూడిద చల్లి రుద్దాను. మరక పూర్తిగా పోలేదు. చేతులు కడుక్కుని మీ అరుగు మీదే కూర్చుని ఇది రాస్తున్నాను.

జీపు గురించే చెప్పాలి. చెప్పడానికి ఇంకెవరున్నారు...

రూపకి ఉద్యోగం వచ్చింది. చైబాసా దాటాక కొండల్లో ఒక ఆరోగ్య కేంద్రంలో నర్సు. చుట్టుపక్కల ఊళ్లకి తిరగాలి. బస్సులు పోని దారులు. నాన్న జీపు తీసుకునే వెళ్తానంది. అక్క ససేమిరా అంది. "ఆ డొక్కు బండిలో ఆడపిల్ల కొండలెక్కుతాదేటి? అమ్మీరా తమ్ముడా, పీడా పోతాది" అని నా మీద పడింది. నీ కూతురు ఊరుకునే మనిషి కాదు కదా. చివరికి అక్క ఒక మాటకి దిగింది. బ్రేకులు మార్పించాలి. బాగున్నాయని నేను పూచీ పడాలి. అప్పుడు పంపిస్తుంది.

ఇన్ని ఉండగా బ్రేకుల మాటే ఎందుకు ఎత్తిందో నేనప్పుడు ఆలోచించలేదు.

పర్సుడీహ్‌లో జగ్గు మిస్త్రీ దగ్గర బండి పెట్టాను. ముందు రెండు చక్రాలకీ పాత డ్రమ్ము బ్రేకులు తీసేసి డిస్కు బ్రేకులు వేయాలని మాట్లాడుకున్నాం. డ్రమ్ములోకి నీళ్లు పోతే ఆరేదాకా బ్రేకులు పట్టవు, దిగుడులో వేడెక్కితే పట్టవు... ఇవన్నీ నీ దగ్గర విన్నవే.

మిస్త్రీ ముందు కుడి చక్రం విప్పాడు. లోపల డ్రమ్ముని ఒరుసుకుని ఆపే లైనింగ్ అరిగిపోయి రివెట్లు తేలాయి. తర్వాత ఎడమది విప్పాడు. డ్రమ్ము తుప్పు పట్టి బిగుసుకుపోయింది, సుత్తితో చుట్టూ కొడితే గానీ రాలేదు. లోపల లైనింగ్ మాత్రం కొత్తదానిలా ఉంది. "అరే చాచా, యే తో ఏక్‌దమ్ నయా!" అన్నాడు. నాకు సంతోషమేసింది. పోయేముందు బావ ఈ పక్కకి కొత్తవి వేసుంటాడు అనుకున్నాను.

మిస్త్రీ నవ్వు అంతలోనే ఆగిపోయింది. ఆ చక్రానికి వచ్చే బ్రేకు పైపుని వేలితో తడుముకుంటూ వెనక్కి పోయాడు. జాయింటు దగ్గర స్పానర్ వేసి తిప్పాడు. అతని అరచేతిలో ఒక ఇనప గుండు పడింది. బఠాణీ కంటే చిన్నది, బేరింగులో ఉండే రకం. దాన్ని పైపుకి అడ్డం పెట్టి బిగించేశారు. బ్రేకు నూనె ఆ చక్రానికి పోకుండా.

"యే పహియా తో కభీ రుకా హీ నహీ" అన్నాడు. ఈ చక్రాన్ని ఎవరూ ఎప్పుడూ ఆపనే లేదట. అంటే మనం ఇన్నేళ్లూ మూడు చక్రాల బ్రేకు మీద తిరిగాం.

నేను స్టూలు మీద కూర్చుండిపోయాను. మిస్త్రీ టీ తెప్పించాడు. తాగానో లేదో గుర్తు లేదు. ఆ గుండుని అతను తన గుండ్ల డబ్బాలో పడేశాడు.

ఎవరు పెట్టారని అడగనక్కర్లేదు. ఆ జీపు కిందికి నువ్వు తప్ప ఎవరూ దూరలేదు. ఎప్పుడు పెట్టావో కూడా తెలిసింది. రూప ఇంకా అక్క ఒళ్లో పిల్ల. చైబాసాలో పెళ్లి చూసుకుని వస్తుంటే వానలో ఆ చక్రం దగ్గర నూనె కారింది. నువ్వు గోనె పరుచుకుని కిందికి పోయావు. కాసేపటికి ఒంటినిండా బురదతో లేచి "అయిపోనాది, ఎక్కండెహె" అన్నావు. ఎక్కాం.

ఆ పూటకి అది సరే. దారిలో చిక్కుకుంటే ఎవరైనా అదే చేస్తారు. ఇంటికొచ్చాక?

గమ్హరియా ఫ్యాక్టరీలో నువ్వు చేసిన పనేమిటి బావా? క్రేను బ్రేకులు చూడటమే కదా. "ఆగితే సాలదురా బామ్మర్దీ, సరుకు ఊగకుండా ఆగాల" అని ఎన్నిసార్లు చెప్పావు! నేను సైకిల్ మీద వస్తే పలకరించే ముందు వంగి బ్రేకు రబ్బరు చూసేవాడివి. ఆ మనిషేనా ఇది చేసింది?

విశ్వకర్మ పూజ గుర్తొచ్చింది. జీపు కడిగి, బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేవాళ్లం. అన్నిటికీ ఒక్కోటి. ముందు ఎడమ చక్రానికి మాత్రం రెండు. ఏటేటా అంతే. ఎందుకని అడిగితే "దానికి ఆకలెక్కువరా" అనేవాడివి. మేం నవ్వేవాళ్లం. నువ్వూ నవ్వేవాడివి...

డిస్కులు వేయడం అయ్యాక రూపని గ్యారేజీకి తీసుకెళ్లి గుండు సంగతి చెప్పాను. దాచి కొండల మీదికి పంపలేను కదా. "పాపాకో పతా థా?" అంది. నాన్నకి తెలుసన్నాను. ఎక్కి స్టీరింగ్ పట్టుకుంది. నేను పక్కన కూర్చున్నాను. గ్యారేజీ వెనక, కాలువ పక్క రోడ్డు ఖాళీగా ఉంది. కొంచెం వేగం అందుకున్నాక ఆపమన్నాను.

జీపు ఎడమకి దూకింది. కాలువ అంచు మీద ఆగింది. నేను కూర్చున్న చోటు నుంచి కిందికి చూస్తే నీళ్లే.

మిస్త్రీ పరిగెత్తుకొచ్చి చక్రాలు చూశాడు. బ్రేకుల్లో తేడా లేదు. రూప తన చేతులు చూసుకుంటోంది. "మామా, మేరా హాథ్ అప్నే ఆప్ ఘూమ్ గయా" అంది. చెయ్యి దానంతట అదే తిరిగిందట.

అప్పుడు అర్థమైంది. మా ఇద్దరికీ బండి నేర్పింది నువ్వే, ఈ జీపు మీదే. "కాలు నొక్కితే సెయ్యి కొంచెం ఎడమకి రావాల. అదే బ్రేకు" అనేవాడివి. ఆ చక్రం ఆగదు కాబట్టి బ్రేకు కొట్టినప్పుడల్లా జీపు కుడికి లాగేది. జీపులన్నీ అంతే కాబోలనుకున్నాం. నేను వేరే బండి నడిపింది లేదు. రూపా అంతే.

గుండు తీసేశాం. చెయ్యి మాత్రం ఇంకా ఎడమకే పోతోంది. కొండ దారిలో ఎడమ పక్క ఏముంటుంది బావా?

సాయంత్రం అక్కకి చెప్పాను. పూచీ పడలేనన్నాను. అక్క చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

"ఆ గుండు నాకు తెల్సు" అంది. "ఆ రోజు రోడ్డు మీదే సెప్పాడు మీ బావ. రేపు బాగు సేత్తానన్నాడు. రేపు, రేపు... ఏటీ అవనేదు గదా, అలగే ఉండిపోనాది. రెండో నిమ్మకాయ నేనే ఎట్టించేదాన్ని."

నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"సెప్తే నువ్వు ఎక్కుదువేటి? నీకు బస్సెక్కితేనే బయం."

ఇద్దరికీ తెలుసు. తెలిసి, పిల్లని ఒళ్లో పెట్టుకుని, మమ్మల్ని ఎక్కించుకుని, ఇన్నేళ్లు... ఇది నీకు రాయడమే కుదురుతోంది.

తర్వాత అక్కే అంది. "ఆ సెయ్యి అలవాటు మానితేనే పంపుతాను. పక్కన కూకుని నేనే సూత్తాను."

గమ్హరియా వైపు ఒక ఖాళీ మైదానం ఉంది. నా డ్యూటీ చూసుకుని అక్కడికి వెళ్లేవాళ్లం. అక్క ముందు సీట్లో, నేను వెనక. రూప వేగం అందుకుని ఆపడం, మళ్లీ వేగం అందుకుని ఆపడం. అక్క దారి చూసేది కాదు, రూప చేతులే చూసేది. కొంచెం కదిలితే చాలు, "అదిగో, మీ నాన్న వచ్చీసాడు" అనేది. మొదట్లో రూప నవ్వలేదు. పోనుపోను నవ్వింది. నవ్వినా చెయ్యి మానలేదు.

ఒక రోజు వాన జల్లులో చాలాసార్లు ఆపింది. జీపు ఆపినప్పుడల్లా తిన్నగా ఆగింది. నేను మాత్రం అలవాటు కొద్దీ సీటు కమ్మీ గట్టిగా పట్టుకునే ఉన్నాను. అక్క రూప చేతుల మీంచి చూపు తీసి దారి చూసింది.

"ఇయ్యాల రానేదు మీ నాన్న" అంది. ఇంక ఇంటికి పోదామంది.

నేను పూచీ పడ్డాను.

బయల్దేరే రోజు అక్క అయిదు నిమ్మకాయలు తెచ్చింది. నాలుగు చక్రాల కింద నాలుగు పెట్టింది. అయిదోది పట్టుకుని ముందు ఎడమ చక్రం దగ్గర కాసేపు నిలబడింది. లోపలికి తీసుకెళ్లి పులిహోరలో పిండేసింది. తర్వాత ఒక సంచీలో తన చీరలు పెట్టుకుని వచ్చింది. తనూ వెళ్తున్నట్టు నాకు ముందు చెప్పలేదు. ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. ఇంటి తాళం నా చేతిలో పెట్టింది.

రూపా, అక్కా సోమవారం పొద్దున్న, వానలోనే వెళ్లారు.