జెర్రిపోతు ఎవరికీ మొగుడు కాదు

నెల్లూరు, 12-2-62

నాయన గారికి చెంచులక్ష్మి నమస్కారాలు. ఒంట్లో బాగానే ఉంది గానీ మనసు మండిపోతోంది.

నిన్న మా సైన్సు అయ్యవారు హెబ్రోను గారు మమ్మల్ని కృష్ణపట్నం దగ్గర ఒక పల్లెకు తీసుకుపోయినారు. జెర్రిపోతును చేతికి చుట్టుకొని, బుట్టలోని గుడ్లగూబను చూపించి, ఇవి రెండూ ఎలకలను తిని పైరును కాపాడతాయని రైతులకు చెప్పినారు. పామును నేలమీద వదిలినారో లేదో, ఒక పెద్దమనిషి "అది నాగుపాము మొగుడయ్యా!" అంటూ కర్రతో కొట్టి చంపేసినాడు. ఆ కర్ర చేతిలో ఉండగానే, "అయ్యవారూ, ఎలకలకు మందేదన్నా చెప్పండి" అని అడిగినాడు! నేనే ఉండబట్టలేక, "పేరులో పోతు ఉంటే మొగుడైపోతుందా? అయితే దున్నపోతు కూడా నాగుపాముకు మొగుడేనా?" అన్నాను. అందరూ నవ్వినారు గానీ పాము లేవలేదు కదా.

మన గడ్డివామిలోని జెర్రిపోతును పాలేరు వెంకయ్య చేత చంపిస్తానని పోయిన ఉత్తరంలో రాసినారు. మీ కాళ్లు పట్టుకుంటాను, చంపించవద్దు. అమ్మకు భయమైతే గడ్డి మీరే లాగి ఇవ్వండి. గేదె ఈనిందా? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? అవ్వకు దండాలు. వెంకయ్య కర్ర ఎత్తకముందే ఈ కార్డు మీకు అందాలి.

మీ కూతురు,
చెంచులక్ష్మి